ఏడో బల్ల

డోరన్ పాస్, టెక్సస్
ఫిబ్రవరి 11

ఎర్లీన్‌కి,

నువ్వు ఊరు వదిలి రెండేళ్లయింది. ఫోన్ చేస్తే ఎత్తవు, ఉత్తరం రాస్తేనే పలుకుతావు. సిటీ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు పర్మిట్ల కౌంటర్ వెనక కూర్చున్నదానివి కదా, కాగితం మీద లేనిది లోకంలోనే లేదంటావు. సరే, ఇదిగో కాగితం.

మా ఇంటి కిటికీలు పూర్తిగా పాడైపోయాయి. తాత కాలం నాటి చెక్క. సముద్రం వైపు రెండింటి చట్రంలో వేలు పెడితే కేకులో దిగినట్టు దిగుతోంది. గాలివాన బీమా వాళ్లు ఉత్తరం పంపారు. జూన్ ఒకటిలోగా కిటికీలు మార్చి, గాలివాన ధ్రువపత్రం చూపించాలట. లేకపోతే బీమా రద్దు. తుఫాను సముద్రంలో కనిపించాక కొత్త బీమా ఎవడూ ఇవ్వడని నీకు నేను చెప్పక్కర్లేదు. ఈసారి కప్పు లేచిపోతే మళ్లీ వేయించే శక్తి నాకు లేదు. అరవై ఒక్క ఏళ్లు వచ్చాయి, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఈ ఇల్లు తప్ప నాకు తల దాచుకునే చోటు లేదే.

అందుకే నిన్న సిటీ ఆఫీసుకి వెళ్లి పర్మిట్ తెచ్చుకున్నాను. నీ కుర్చీలో ఇప్పుడొక పిల్ల కూర్చుంటోంది, చూయింగ్ గమ్ నములుతూ ముద్ర కొట్టింది. కిటికీలు బిగించే హొమేరో సోమవారం పని మొదలుపెడతానన్నాడు. మొత్తం ఆరు కిటికీలు. ఇంకేమైనా ఉందా, ఇంతేనా?

మీ అమ్మగారికి కొలాచీలు పంపుతున్నాను, గసగసాలు పెట్టిన తీపి బన్నులు. నువ్వు తినెయ్యకు.

బీనా

*

బోమాంట్
ఫిబ్రవరి 16

బీనాకి,

ఆగు. హొమేరో చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కో. ఆ తరవాతే ఈ ఉత్తరం చదువు.

సిటీ పర్మిట్ వేరు, గాలివాన ధ్రువపత్రం వేరు. ఒకటి ఊరిది, ఇంకొకటి రాష్ట్రానిది. ఒకటి చేతికొస్తే రెండోది దానంతట అదే వస్తుందనుకుని, ఈ తీరంలో ఏటా నూరుమంది కొంపలు పోగొట్టుకుంటున్నారు. ఆ పిల్ల నీకీ మాట చెప్పలేదంటే తప్పు పిల్లది కాదు. నేను దిగిపోయాక ముగ్గురు చేసే పని ఒక్కదాని నెత్తిన పెట్టి, పొదుపు చేశామని పేపర్లో వేయించుకున్నారే, ఆ పెద్దమనుషులది.

విను. మొదటి స్క్రూ బిగించకముందే రాష్ట్రానికి దరఖాస్తు వెళ్లాలి. కిటికీ బిగించేటప్పుడు తనిఖీ ఇంజనీరు వచ్చి, ఏ స్క్రూ గోడలోకి ఎంత దిగిందో కళ్లారా చూడాలి. ఆయన చూడకముందే అంచు పట్టీలు కొట్టేస్తే మళ్లీ ఊడదీయాల్సిందే. అద్దం మీద కంపెనీ అంటించిన లేబుల్ జోలికి వెళ్లకండి. ఎంత గాలికి తట్టుకుంటుందో, ఏ పరీక్షలో నెగ్గిందో ఆ నంబర్లన్నీ దాని మీదే ఉంటాయి. లేబుల్ లేని అద్దం ఎంత మంచిదైనా ఇంజనీరు కళ్లకి ఉత్త గాజు.

‘ఇంత తతంగం ఎందుకే’ అని నువ్వు అనేలోపే చెబుతున్నాను. మన ఊళ్లో సగంమంది ఈ నిబంధనల్ని ప్రభుత్వం పెడుతున్న బాధగా చూస్తారు. నేను చూడను. ఒక్కో నిబంధన ఎవడో ఒకడు చచ్చాక రాసింది. స్క్రూ పొడవు ఎంతుండాలో రాశారంటే, పొట్టి స్క్రూ వల్ల ఏదో ఇంటి మీద గోడ పడిందన్న మాట. నాకు కోపం నిబంధన మీద కాదు. ఎవరు చస్తే నిబంధన రాస్తారు, ఎవరు చస్తే రాయరు అన్న దాని మీద.

ఇంకొకటి. దరఖాస్తులో తెరుపులన్నీ, అంటే కిటికీ కోసం గోడలో తీసిన ప్రతి ఖాళీనీ చూపించి, ‘ఇంతే, ఇంకేం లేవు’ అని సంతకం పెట్టాలి. ఆరేనా? మళ్లీ ఒకసారి లెక్కపెట్టు. తూర్పు గోడ కూడా చూసుకో.

కొలాచీలు అందాయి. అమ్మ రెండు తిని, ఎవరు పంపారని అడిగింది. స్నేహితురాలని చెప్పాను.

ఎర్లీన్

*

డోరన్ పాస్
మార్చి 20

ఎర్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. దరఖాస్తు ముందే పంపాను. ఆరు కిటికీలని రాసి సంతకం పెట్టాను. ఇంజనీరు డాంగ్ గారు పని జరిగేటప్పుడు వచ్చి స్క్రూలన్నీ చూసుకున్నారు. మనిషి మంచివాడు. తండ్రి ఇక్కడే రొయ్యల పడవ నడిపేవాడట. కాఫీ ఇస్తే తాగి, కప్పు తనే కడిగి పెట్టారు. లేబుళ్లు చివర్లో వచ్చి చూస్తానని చెప్పి వెళ్లారు.

పట్టీలు కొట్టాక మొన్న ఆయన వచ్చారు. నాలుగు కిటికీలకి లేబుళ్లున్నాయి. భోజనాల గదిలో తూర్పు గోడకి అటొకటి ఇటొకటి ఉన్నాయి చూడు, ఆ రెండింటికీ లేవు.

హొమేరో మీద విరుచుకుపడ్డాను. “ఈ తీరంలో పుట్టావు, లేబుల్ పీకకూడదని చంటిపిల్లాడికి కూడా తెలుసు, నీకు తెలీదా?” అన్నాను. ఆ మనిషి ముఖం మాడిపోయింది. “మిస్ బీనా, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నా పెళ్లినాటి ఉంగరం పోగొట్టుకున్నాను కానీ లేబుల్ ఎప్పుడూ పోగొట్టలేదు” అన్నాడు.

డాంగ్ గారు అద్దానికి దగ్గరగా వంగి చూసి, “పీకలేదండీ, గీకారు” అన్నారు.

నిజమే. ఆ అద్దాలకి లేబుల్ బయటివైపు ఉంటుంది. గీతలూ బయటివైపే ఉన్నాయి. సన్నటి గీతలు, నాలుగేసి, పక్కపక్కన. కింది అంచుకి దగ్గరగా. బయటినుంచి ఆ చోటు అందుకోవాలంటే ఏం కావాలో నీకు తెలుసు కదా. మేం చిన్నప్పుడు ఇల్లు నేల మీదే ఉండేది. ఆ పెద్ద గాలివాన తరవాత తాత జాకీలతో లేపించి స్తంభాల మీద పెట్టించాడు. ఇప్పుడా కిటికీ కింద పదడుగుల ఖాళీ. నిచ్చెన లేకుండా పిల్లి కూడా చేరలేదు. నిచ్చెన హొమేరో బండి మీద తాళం వేసి ఉంది.

లేబుల్ లేని అద్దాన్ని ఒప్పుకోవడం కుదరదట. ఆ రెండింటికీ కంపెనీ కొత్త అద్దాలు పంపాలి. నాలుగు వారాలు పడుతుంది.

నాకు కొంచెం భయంగా ఉందే. నవ్వకు.

బీనా

*

బోమాంట్
ఏప్రిల్ 2

బీనాకి,

నవ్వను. అలాగని దెయ్యమనీ అనను. నాసిరకం జిగురు, ఉప్పుగాలి, ఎండ. పెలికన్ పక్షులు కిటికీ అంచు మీద వాలి ముక్కుతో గోకుతాయి. కంపెనీ అద్దానికి లెక్కలేనంత తీసుకుని జిగురు దగ్గర పిసినారితనం చేస్తుంది. ముందు వాళ్లకి రాయి, కాగితం మీద రాయి.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నువ్వు నవ్వకు.

నాలుగేళ్ల కిందట మీ ఇంటి కింద నీడలో చేపలు వేయించుకున్నాం గుర్తుందా? నువ్వు నూనె కోసం పైకి వెళ్లావు. స్తంభం వెనక, గాలివానప్పుడు కిటికీలకి అడ్డంగా కొట్టే తుఫాను బల్లలు నిలబెట్టి ఉన్నాయి. అందరిళ్లలోనూ ఉన్నట్టే, కిటికీ కొలతకి కోసి ప్లైవుడ్ మీద నంబర్ రాసిన బల్లలు. ఒకటి, రెండు, మూడు... నా పాడు అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఏడున్నాయి.

కిటికీలు ఆరైతే బల్లలు ఏడెందుకు?

మరో సంగతి. మన తీరంలో బల్ల బయటినుంచి కొడతారు. మీ ఆరు బల్లలకీ నంబర్ పైకి కనిపించేలా ఉంది, మేకుల కన్నాలు కూడా ఆ వైపునుంచే. ఏడో దానికి మాత్రం తిరగేసి ఉన్నాయి. ఎవరో ఇంట్లో నిలబడి కొట్టినట్టు.

కిందికి దిగి ఆ కన్నాలు ఎన్నో లెక్కపెట్టి రాయి. ఎందుకని అడక్కు. ముందు అంకె రాయి.

ఎర్లీన్

*

డోరన్ పాస్
ఏప్రిల్ 24

ఎర్లీన్,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. నా ఇంట్లో ఎన్ని కిటికీలున్నాయో నాకు తెలుసు. నేను సాయం అడిగింది పర్మిట్ గురించి. నా ఇంటి కింద వస్తువుల జాబితా రాయమని నిన్ను ఎవరడిగారు? ఇరవై ఏళ్ల స్నేహంలో ఇలా బోనులో నిలబెట్టినట్టు ఎప్పుడూ అడగలేదు నువ్వు. పది రోజులు జవాబు రాయలేదు, కావాలనే.

తరవాత కొత్త అద్దాలు వచ్చాయి. పోయిన గురువారం పెట్టారు. హొమేరో లేబుళ్లు ఫోటో తీసుకుని, “ఇవాళ మీరే కాపలా మిస్ బీనా, డాంగ్ గారు నాలుగింటికి వస్తారు” అని చెప్పి వెళ్లాడు.

నేను కుర్చీ వేసుకుని భోజనాల గదిలోనే కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేదు. బఠాణీలు ఒలుస్తున్నాను. తడి వేలితో అద్దం మీద రుద్దితే కీచుమని ఒక చప్పుడొస్తుంది చూడు, అది వినిపించింది. తలెత్తాను. ఎడమ కిటికీ మీద లేబుల్ మూల పైకి లేస్తోంది. గాలి లేదు. పక్షి లేదు. మూల లేచింది, ఆగింది, ఇంకొంచెం లేచింది. అలవాటు లేని చిన్న చెయ్యి పని చేస్తున్నట్టు, నెమ్మదిగా, తప్పు చేస్తూ చేస్తూ. ఊడి కింద పడిపోయింది. ఆ తరవాత కుడి కిటికీ.

నేను కదల్లేదు. బఠాణీలు ఒళ్లోంచి జారిపోయాయి.

డాంగ్ గారు వచ్చి చూశారు. రెండు కిటికీల మధ్య గోడని వేళ్లతో తట్టారు. ఒకచోట చప్పుడు మారింది. “ఇక్కడేముందండీ?” అన్నారు. “గోడే” అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, “సరే, మీరు చెప్పిందే రాసుకుంటాను” అని వెళ్లిపోయారు.

గోడ కాదు. అక్కడ ఏడో కిటికీ ఉంది. నాకు తెలుసు. చలిగాలి కొడుతోందని తాత లోపల చెక్కలు కొట్టించాడు, బయట పలకలు కప్పించాడు. హొమేరోకి చెబితే, “కదిలించకండి. బయటికి కనిపించదు, లోపలికి కనిపించదు. ఇప్పుడు చెబితే దరఖాస్తు మొదటినుంచీ పెట్టాలి, జూన్ ఒకటికి అందదు. లేబుళ్లు మాత్రం ఇంకోసారి తెప్పిద్దాం” అన్నాడు. తప్పుగా అన్నాడంటావా? మూసేసినదాన్ని కిటికీ అంటారా? సంతకం అబద్ధమవుతుందా?

బల్ల చూశాను. పదకొండు. చాలా?

బీనా

*

బోమాంట్
మే 1

ఆల్బీనా మటూలాకి,

పదకొండు. చాలు.

మా అమ్మ చేతిలో ఏ పని ఉన్నా, బట్టలు మడతపెట్టినా, మెట్లెక్కినా, పదకొండు దాకా లెక్కపెట్టి ఆగిపోతుంది. పన్నెండు ఆమె నోట నేను వినలేదు.

మూసేసిన దాన్ని కిటికీ అంటారా అని అడిగావు. నిబంధన ప్రకారం నాకు జవాబు తెలుసు. చట్రం గోడలో ఉన్నంతకాలం అది తెరుపే. పలకలు గాలికి ఎగిరిపోతే ముందు విరిగేది అదే. కానీ నువ్వు అడుగుతున్నది నిబంధన కాదు. అందుకని ఇంకో జవాబు చెబుతాను.

నువ్వు పెద్ద గాలివాన అంటావే, ఆ రోజు నీకు నాలుగేళ్లు. నాకు పది నెలలు. మా వీధి కాలవ అవతల ఉండేది. ఊరి పటంలో ఆ వీధి లేదు. పటంలో లేదు కాబట్టి పర్మిట్ లేదు, బీమా లేదు, ఖాళీ చేయమని చెప్పడానికి షెరీఫ్ బండి రాలేదు. మేమున్నామని కాగితం ఒప్పుకుంటే కదా మేం మునిగిపోతామని ఎవరైనా అనుకోవడానికి. నేను కాగితాన్ని పట్టుకుని వేళ్లాడేది ఎందుకని వెక్కిరిస్తావు. ఇందుకు.

మధ్యాహ్నం మూడింటికి కాలవ పొంగింది. నాన్న ఓడలో ఉన్నాడు. అమ్మకి ఇరవై నాలుగేళ్లు. నన్ను దుప్పటితో రొమ్ముకి కట్టుకుంది. మా అన్న ఒరిస్‌ని, ఐదేళ్లవాణ్ని, చంకనెత్తుకుంది. నడుము లోతు నీళ్లలో మీ వైపు వీధికి వచ్చింది. నాలుగిళ్లు తట్టింది. ఐదో ఇంటి తూర్పు గోడకి కొట్టిన బల్ల గాలికి లేచి, కింద వెలుగు కనిపించింది. ఒరిస్‌ని పైకెత్తి కిటికీ అంచు మీద కూర్చోబెట్టింది. వాడు రెండు చేతులతో అద్దం కొట్టాడు.

లోపలినుంచి చూశారు. ఒక ముసలాయన. ఆయన పక్కన ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల అద్దం మీద చెయ్యి పెట్టింది. వాడి చేతికి ఎదురుగా. తెరుస్తారని అమ్మ అనుకుంది.

అప్పుడు సుత్తి చప్పుడు. మేకు, ఆపడం. మేకు, ఆపడం. పదకొండు సార్లు.

పక్కనే ఉన్న కరెంటు స్తంభాన్ని అమ్మ వాటేసుకుంది. రెండు చేతులు, ఇద్దరు పిల్లలు, ఒక స్తంభం. ఆ లెక్క ఎలా తేలుతుందో నువ్వే చెప్పు. ఒరిస్ మూడు రోజుల తరవాత రైలు కట్ట దగ్గర దొరికాడు. వాడు చచ్చినందుకు ఎవరూ ఏ నిబంధనా రాయలేదు.

ఇదంతా అమ్మ నాకు నలభయ్యో ఏట చెప్పింది. అప్పటికే నువ్వూ నేనూ రెండేళ్లుగా జెట్టీ మీద గాలాలేస్తున్నాం. ఎందుకు అడగలేదంటావా? స్నేహం పోతుందని కాదు. అడిగితే నువ్వు ‘నాకేం తెలీదే, చిన్నదాన్ని’ అంటావని. ఆ మాట అన్నావంటే నీ ముఖం మళ్లీ చూడలేను. ఇన్నేళ్లూ నిన్ను ఆ మాట అననివ్వకుండా కాపాడుకున్నాను. కాపాడింది నిన్నో నన్నో ఇప్పటికీ తెలీదు.

మీ తాత ఏమనుకుని ఉంటాడో కూడా నాకు తెలుసు. ఆ కౌంటర్ వెనక వెయ్యిసార్లు నేనే చెప్పాను. ఒక్క తెరుపు విచ్చుకున్నా గాలి లోపలికి దూరి కప్పుని ఎత్తేస్తుంది. అది శాస్త్రం, నిజం. నిజమైన మాటతోనే మనుషుల్ని బయట వదిలేస్తారు. అబద్ధంతో వదిలేస్తే మనం ఎప్పుడో పట్టుకునేవాళ్లం. ఇప్పటికీ ఈ తీరమంతా అదే నడుస్తోంది. లోపలున్నవాడికి అద్దం గట్టిగా ఉందా, స్క్రూ లోతుగా దిగిందా, అంతే. బయట ఎవరున్నారన్న గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

సంతకం నీది. ఇల్లు నీది. గడువు ముప్ఫై రోజులు. ఆరని ఉంచుతావో, ఏడని మారుస్తావో నేను చెప్పను.

ఎర్లీన్ గిల్లరీ

*

డోరన్ పాస్
మే 9

ఎర్లీన్,

‘నాకేం తెలీదు’ అని నేను అనను.

ఆ పిల్ల నేనే. చలిగాలి అన్నది అబద్ధం. చిన్నప్పటినుంచీ చెప్పుకుని చెప్పుకుని దానికి స్వెటర్ కూడా తొడిగాను. “తాతా, బాబు తడుస్తున్నాడు” అన్నాను. తాత, “తెరిస్తే కప్పు పోతుంది, మనమంతా పోతాం. ఆ డబ్బా పట్టుకో” అన్నాడు. మేకుల డబ్బా. ఆయన చెయ్యి చాపినప్పుడల్లా ఒకటి ఇచ్చాను. పదకొండు నేనే ఇచ్చాను ఎర్లీన్. బాగా ఇచ్చానని మెచ్చుకున్నాడు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు హొమేరోని పిలిచాను. “గోడ విప్పు” అన్నాను. “జూన్ ఒకటి దాటిపోతుంది మిస్ బీనా, బీమా పోతుంది” అన్నాడు. “పోనీ” అన్నాను. నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది. తరవాత స్నానాల గదిలో తలుపేసుకుని కూర్చున్నాను.

చెక్కలు ఊడదీశాం. పాత కిటికీ అలాగే ఉంది. అద్దం చెక్కుచెదరలేదు. యాభై ఏడేళ్లు వెలుతురు తగలని అద్దం. దాని మీద బయటివైపు రెండు చిన్న అరచేతుల గుర్తులున్నాయి, ఉప్పు తెల్లగా పేరుకుని. పక్కన ఒక పెద్ద చెయ్యి. హొమేరో శిలువ గుర్తు వేసుకుని, బండిలోంచి నీళ్లు తెచ్చుకుంటానని వెళ్లి గంటదాకా రాలేదు.

నా చెయ్యి పెట్టి చూశాను. అప్పుడు సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు నాది పెద్దదైపోయింది. వాడిది అలాగే ఉంది.

డాంగ్ గారికి ఫోన్ చేసి, “గోడ కాదండీ, నేను మీతో అబద్ధం చెప్పాను” అన్నాను. ఆయన, “తెలుసండీ. మీరే చెబుతారని ఆగాను” అన్నారు. ఏడు తెరుపులని కొత్త దరఖాస్తు, సిటీ పర్మిట్‌కి సవరణ. చూయింగ్ గమ్ పిల్ల ఆఫీసు మూసే వేళ దాటినా కూర్చుని పని పూర్తి చేసింది. నీ పేరు చెప్పాను. నువ్వు రాసిపెట్టిన చీటీ ఒకటి ఆ బల్లకి ఇప్పటికీ అంటించే ఉందట.

ఏడోది తెరుచుకునే కిటికీ పెట్టిస్తున్నాను. మిగతా తూర్పు కిటికీలు తెరుచుకోవు. ఇదొక్కటే పైకి జరుగుతుంది. పాత అద్దం దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టాను. అది మీ అమ్మగారిది. ఏం చేయమంటారో ఆవిడే చెప్పాలి.

క్షమించమని అడగను. అడిగే హక్కు ఉంటే నాలుగేళ్లప్పుడే వాడినే అడిగి ఉండాల్సింది.

ఆల్బీనా

*

బోమాంట్
మే 17

ఆల్బీనాకి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. మేకుల డబ్బా దగ్గర నేను పేజీ తిప్పబోతే, “చదువే, దాటెయ్యకు” అంది.

తరవాత ఒక్కటే అడిగింది. “ఆ కొత్త కిటికీ తాళం ఎటువైపు ఉంటుంది?”

లోపలివైపే అని చెప్పాను. అన్ని కిటికీలకీ అంతే కదా అన్నాను. “అందుకే అడిగాను” అంది.

క్షమించానని అనుకోకు. నాకింకా అంత మంచితనం రాలేదు. ధ్రువపత్రం వచ్చిందో లేదో రాయి.

ఎర్లీన్

*

డోరన్ పాస్
మే 31

ఎర్లీన్,

ఏడో కిటికీని కంపెనీ అనుకున్నదానికంటే ముందే పంపింది, నిన్న డాంగ్ గారు వచ్చారు. ఏడు కిటికీలు, ఏడు లేబుళ్లు. పొద్దుటినుంచీ అదే కుర్చీలో కూర్చున్నాను. ఏ మూలా లేవలేదు.

ధ్రువపత్రం ఇవాళ వచ్చింది. గడువుకి ఒక్కరోజు ముందు. ‘తెరుపులు: 7’ అని ఉంది. నా పేరుతో వచ్చిన కాగితాల్లో ఇంత నిజమైంది ఇంకొకటి లేదు. నకలు నీకు పంపుతున్నాను. కాగితం మీద ఉంటేనే నమ్ముతావు కదా.

మీ అమ్మగారు అడిగిన తాళం సంగతి. ఏడోదానికి నేను వేయడం లేదు.

ఆల్బీనా

*

డోరన్ పాస్
సెప్టెంబర్ 6

ఎర్లీన్,

తుఫాను వచ్చి వెళ్లిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. షెరీఫ్ బండి ఈసారి కాలవ అవతలికి కూడా వెళ్లింది, నేను వెనకాలే నిలబడి చూశాను. స్కూల్లో వంట చేసేదాన్ని కాబట్టి వంటగది తాళంచెవి నా దగ్గరే ఉంది కదా, తెరిచి, ఊరు దాటించే బస్సుల కోసం చేరినవాళ్లందరికీ అన్నం, రొయ్యల పులుసు వండి పెట్టాను. తరవాత చివరి బస్సులో నేనూ వెళ్లాను.

వెళ్లేముందు హొమేరో, “గాలివాన ముందు తాళం వేయకపోతే ధ్రువపత్రం ఉండి ఏం లాభం, కప్పు పోతుంది” అని అరిచాడు. ఆయన మాట నిజమే. నా చెయ్యి తాళం దాకా వెళ్లింది కూడా. వేయలేకపోయాను. పిచ్చిదాన్ననుకో.

నిన్న తిరిగొచ్చాను. వీధిలో మూడు కప్పులు లేవు. నాది ఉంది. ఏడు కిటికీలూ ఉన్నాయి. భోజనాల గదిలో నేల పొడిగా ఉంది, చుక్క నీరు లేదు. ఏడో కిటికీ మూసే ఉంది, లోపలినుంచి తాళం వేసి ఉంది. నేను వేయలేదు. ఇంటి తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉంది.

అద్దం మీద రెండు అరచేతుల గుర్తులున్నాయి. చిన్నవి. కింది అంచుకి దగ్గరగా. ఒక దాని అంచుని చిటికెన వేలితో తాకాను. వేలికి ఉప్పు అంటింది.

లోపలివైపున్నాయి ఎర్లీన్.

తుడవనా, ఉంచనా?

బీనా

*

బోమాంట్
సెప్టెంబర్ 10

బీనా,

తుడవకు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. తరవాత లేచి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మడత మడతకీ లెక్కపెడుతోంది. నేను వంటగదిలోంచి వింటున్నాను. పది. పదకొండు.

పన్నెండు అంది.

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాం. మీ మెట్లు పద్దెనిమిది, ఆమె మోకాళ్లు మంచివి కావు, మెల్లగా ఎక్కుతాం. ఈసారి మేం తట్టం. తలుపు తీసి ఉంచు.

ఎర్లీన్